ఒకటి రెండైన చుక్క

మొన్న ఎండాకాలంలో మా మనవరాలు మిద్దె మీదనుంచి కేకేసింది. "అవ్వా, దీన్ని వాపసు పంపియ్యాల. అద్దం బాగలేదు. ఒక చుక్క రెండుగా కనపడతాంది."

దానికి పదకొండేండ్లు. పుట్టినరోజుకని వాళ్ళ నాయన టెలిస్కోపు తెప్పించినాడు, మూడు కాళ్ళ స్టాండుతో సహా అట్టపెట్టెలో వచ్చింది. నేను మెట్లెక్కేసరికి ఆ పిల్ల అప్పుడే ఫోను తెరిచి, వాపసుకు కారణం ఏమి రాయాల అని ఆలోచిస్తాంది. నా మోకాళ్ళు రెండూ నన్ను తిట్టుకున్నాయి గానీ నాకు నవ్వు ఆగలేదు. "ఏ చుక్క?" అంటి. "అదో, ఆ ఏడు చుక్కల్లో తోక చివరనుంచి రెండోది" అనె. వంగి కన్ను ఆనిస్తే ఆ రెండూ ఉండాయి. పెద్దదాని పక్కన చిన్నది. మా ఇంటి మనుషుల్ని చూసినట్టే అనిపించింది నాకు.

"ఆ ఫోను పక్కన పెట్టు మే. ఇదే మాట అని మా పెద్దనాయన ఒక మనిషిని ఊరు విడిపించబోయినాడు" అన్నా. ఇంక అది వదుల్తాదా? కాళ్ళు ముడుచుకోని ఎదురుగా కూర్చుంది. ఆ పొద్దు దానికి చెప్పిందే ఈడ రాస్తాండా, అది నిద్రబోయినాక నాకు గుర్తుకొచ్చినవి కూడా కలిపి.

మాది నేతోళ్ళ ఊరు. పెన్న ఒడ్డున, గండికోటకు ఒక పూట బండి దూరం. ఇప్పుడు పోతే ఒకటో రెండో మగ్గాలు కనపడతాయి, అవీ ఆడక బూజు పట్టినవి. అప్పుడు ఏ ఇంట్లో తొంగి చూసినా గుంత మగ్గమే. తెల్లారకముందే వీధి పొడుగునా పడుగు సాగదీసి గంజి పెడతాండ్రి. ఆ పులిసిన గంజి వాసన, తడి నూలు వాసన, పొయ్యి మీద జొన్నరొట్టె మాడే వాసన, మూడూ కలిసి ముక్కులోకి వస్తే తెల్లారినట్టు లెక్క. బడికి పోయేముందు పది కండెలు నూలు చుట్టియ్యకుంటే ఆడపిల్లకు రొట్టె లేదు. నేను తొమ్మిది చుట్టి ఎగబారతాంటి. పదోది మా పెద్దమ్మ చుడతాండె. చుట్టి, నేను ఇంటికొచ్చినాక తిడతాండె.

పెద్దనాయన మా నాయనకు అన్న. ఆయనకు పిల్లలు లేరు, అందుకని నేను ఆయనకు తోకను. వీధిలో ఆయన మాటకు శానా బరువుండె. నేసిన చీర మీద అరచెయ్యి ఆనించి "బాగుండాది" అన్నాడంటే ఇంకెవరూ దాన్ని విప్పి చూడరు. "బాగలేదు" అన్నాడంటే అంతే సంగతులు. ఆయన కన్ను ముందుగా పోయేది ఒక్క తప్పు మీదికే. ఒక పోగు పోవాల్సిన సందులో రెండు పోగులు పోయినాయా అని చూస్తాండె. అట్లా పోతే చీర పొడుగునా సన్నగా గీత లేస్తాది. మనకు అది కనపడదు. ఆయనకు కనపడిందంటే ఆ పూట అన్నం దిగదు. తప్పును సరిచేయకుండా ఒక్క వేలెడు కూడా ముందుకు నేయకూడదు అనేది ఆయన పట్టు. ఆడనే ఆగి, రెండు వేళ్ళతో ఆ అదనపు పోగును పట్టి తీసినాకనే మళ్ళా అడ్డపోగు నడిపే నాడె ఆడించేది.

ఆయన ఒకసారి చీరల మూట ఎత్తుకోని పోతా గండికోట కాడ ఆగినాడంట. కోట చూడను వచ్చినోళ్ళు ఎవరో మెడలో దుర్భిణి ఏసుకోని ఉంటే, "ఒకసారి ఇస్తావాప్పా" అని అడిగి తీసుకోని, పెన్న లోయకు అవతలి గట్టు మీదికి చూసినాడంట. ఇంటికొచ్చి సంగటి ముద్ద ముందర పెట్టుకోని అదే మాట. "మేక మ్మే. అవతలి గట్టు మీద మేక గడ్డి నములుతాంటే దవడ ఆడేది కనపడింది నాకు."

పెద్దమ్మ ఊరిబిండి వడ్డిస్తా, "మన దొడ్లో మేక మూడేండ్లనుంచి నములుతాంది, దాని మొగం ఒకనాడు చూసినావా" అనె.

ఆయనకు అది చెవికెక్కితే గదా. మరుసటి రోజు మాపటేళకు అద్దాల భాయి అంగడి కాడ కూర్చున్నాడు.

అద్దాల భాయి అంటే బస్టాండు కాడ కండ్లద్దాలు అమ్మే సాయిబు. ఒక్క గది అంగడి, ముందర ఒక బెంచీ. నేను ఆయన్ను మామా అంటాంటి. ఆయన కూతురు, నేను బళ్ళో ఒకే బల్ల. నేతపని చేసేవాళ్ళకు నలభై దాటితే పోగు మసకబారతాది, అద్దాలు లేకుంటే మగ్గం విడవాల్సిందే. కాబట్టి భాయి గిరాకీ అంతా మా వీధివాళ్ళే. పెద్దనాయన మాత్రం ఆయనకు గిరాకీ ఒక్కటే కాదు, జతగాడు కూడా. పొద్దు వాలినాక ఇద్దరూ ఆ బెంచీ మీద కూర్చోని మసాలా బొరుగులు తింటా, గంటసేపు ఒక్క మాటా లేకుండా ఉంటాండ్రి. ఏమి సుఖమో అందులో, మాకు నవ్వొస్తాండె.

మేక సంగతి విని భాయి లోపలికి పోయి ఒక అద్దం తెచ్చినాడు. ఇంకా ఫ్రేముకు కోయని గుండ్రటి అద్దం. దాన్ని ఎండకు పట్టి, గోడ మీద వెలుగంతా చుక్కగా కుంచించుకునే దూరం మూరేసి చూపించినాడు. ఒక మూర దాటి వచ్చింది. "ఇది గొట్టం ముందర పెట్టల్ల అన్నా. కంటి తావకు ఇంకోటి కావల్ల, దగ్గరివి పెద్దగా చూపించేది."

పెద్దనాయన జేబులోనుంచి పోగులద్దం తీసినాడు. అంగుళంలో ఎన్ని పోగులు పడినాయో లెక్కబెట్టే మడత భూతద్దం అది, నేతగాని జేబులో ఎప్పుడూ ఉండేది. భాయి దాన్ని కంటికి ఆనించి చూసి, "ఇంతకంటే మంచిది నా కాడ లేదు" అన్నాడు. ముందరి అద్దం ఊరికే ఇచ్చినాడు. పెద్దనాయన వద్దంటే, "మేకను నాకూ చూపిద్దువులే" అనె.

బట్టల అంగట్లో గుడ్డ చుట్టి వచ్చే పొడుగాటి అట్టగొట్టం ఒకటి దొరికింది. లోపల నల్లగా ఉండాలని భాయి చెప్పినాడు. పొయ్యి మసి తీసి, గంజిలో కలిపి, కట్టెకు గుడ్డ చుట్టి లోపలంతా పూసే పని నాకూ భాయి కూతురికీ పడింది. పూసినంత పూసి, మిగిలిన మసితో ఇద్దరం మీసాలు దిద్దుకోని వీధంతా తిరిగినాం. నా మీసం రెండు రోజులు పోలేదు. పెద్దమ్మ సున్నిపిండితో రుద్దితే మూతి వాచింది గానీ మసి వదల్లే. చూసేదాని అంచుల్లో ఊదారంగు రాకుండా రూపాయి బిళ్ళంత బొక్క కోసిన అట్టముక్క ముందర పెట్టమని చెప్పింది కూడా భాయే. మిద్దె మీద నులకమంచాన్ని నిలబెట్టి, దాని కోడుకు గొట్టాన్ని నూలుతాడుతో కట్టినాడు పెద్దనాయన. అయిపోయె, మా దుర్భిణి.

పగటిపూట చూస్తే అంతా తలకిందులు. వెనక వీధిలో ఒక ముసలామె మిద్దె మీద వడియాలు పెడతాంటే, ఆమె ఆకాశానికి వడియాలు అతికిస్తాండేటట్టు కనపడింది. ఒకరి తర్వాత ఒకరం చూసి పొట్ట పట్టుకోని నవ్వినాం. పెద్దమ్మ కూడా వచ్చి చూసింది. "ఉన్న లోకం సరిపోలేదని తలకిందులు చేసుకోని చూస్తాండారు" అని దిగిపోయింది.

పొద్దు గూకినాక అసలు సంబరం. ఎండాకాలం గదా, మట్టిమిద్దె మీద నీళ్ళు చల్లి పక్కలేస్తాంటిమి. కాలిన మట్టి మీద నీళ్ళు పడిన వాసన, పక్కన మల్లెచెట్టు వాసన. మొదట చంద్రుడు. గుంతలు, గట్లు, మా చేన్ల కంటే ఎక్కువ గుంతలు. "పెద్దనాయనా, ఎవరో దున్నినారు" అంటి. ఆయన నన్ను పక్కకు నెట్టి ఆయన చూస్తాడు, నేను ఆయన్ను నెట్టి నేను చూస్తా. నాకు నిద్రే పట్టలేదు ఆ పొద్దు.

రెండోనాడు పెద్దమ్మ అడిగింది. "నాకు అరుంధతిని చూపియ్యి. మన పెండ్లిలో పట్టపగలు అయ్యవారు ఆకాశంలోకి వేలు చూపించి కనపడిందా అన్నాడు. ఎండకు కండ్లు చీకట్లు కమ్మినా కనపడింది అని తలూపితి. ఇంతవరకూ చూసింది లేదు."

పెద్దనాయన నవ్వి గొట్టాన్ని సప్తర్షుల వైపు తిప్పినాడు. వసిష్ఠుణ్ణి పట్టుకుంటే పక్కన అరుంధతి ఉంటాది గదా. కన్ను ఆనించినాడు. నవ్వు ఆగిపోయింది.

"ఏమాయె? కనపడలేదా?" అనె పెద్దమ్మ.

"అరుంధతి దూరంగా ఆడ ఉండాది. వసిష్ఠుని కాడ ఇంకోటి ఉండాది. ఒకటి ఉండాల్సిన కాడ రెండు."

నేను చూసినా. వసిష్ఠుని పక్కనే, వెలుగులో వెలుగు ఆనుకోని, చిన్నచుక్క. ఎంత ముద్దుగా ఉండాదో. నేను ఎగిరినా. "రెండు పెద్దనాయనా, రెండు" అని గంతులేస్తాండా. ఆయన మొగం చూసి నా గంతు ఆగింది. చీరలో గీత లేసినప్పటి మొగం అది.

ఆయన అద్దం విప్పి పంచె కొంగుతో తుడిచినాడు. మళ్ళా రెండే. గొట్టం విప్పి కట్టినాడు, రెండే. మూడోనాడు, నాలుగోనాడు, అయిదోనాడు అదే పని. వేరే చుక్క వైపు తిప్పమని నేను బతిమాలితే, "తప్పు పడిన కాడ నిలబడల్ల మ్మే, దాన్ని తీసినాకనే ముందుకు" అంటాడు. ఒక్క పక్కచుక్కను చూసింటే సంగతి తెలిసిపోతాండె. ఆయన చూడలేదు, నన్ను చూడనియ్యలేదు. నేతపనిలో ఆయన్ను పెద్దమనిషిని చేసిన పట్టే ఈడ ఆయన కండ్లు కప్పింది.

ఆరోనాడు బెంచీ కాడ భాయితో చెప్పినాడు. కోపంగా కూడా కాదు. "భాయ్, నీ అద్దం ఒకటిని రెండు చేస్తాంది."

భాయి నవ్వబోయి ఆగినాడు. "ఇదే రకం అద్దం మీ వీధిలో అందరికీ ఇచ్చినా అన్నా."

"అదే నేనూ అనుకుంటాండా" అనె పెద్దనాయన.

అంతే. మరుసటి పొద్దున గంజి పెట్టే కాడ ఎవరో అడిగితే ఆ మాటే మళ్ళా చెప్పినాడు. చెప్పింది పెద్దనాయన, ఇంక కావాల్సిందేముంది? అదీ ఒకటిని రెండు చేసే అద్దం, పోగులు లెక్కబెట్టేవాళ్ళకు. ఒకాయన కండ్లద్దాలు తీసి మళ్ళా పెట్టుకోని, "నిజమే, నాకూ పోగులు జంటగా కనపడతాండాయి" అనె. ముందురోజు దాకా కనపడనివి ఆ పొద్దు కనపడినాయి ఆయనకు. వారం తిరక్కుండా మా వీధివాళ్ళు బస్సెక్కి టవునుకు పోయి అద్దాలు చేయించుకోవడం మొదలుపెట్టిరి. భాయి అంగడి ముందర బెంచీ ఖాళీ.

పెద్దమ్మ ఒక పూట అనేసింది. "ముక్కు మీద ఆయన అద్దాలే పెట్టుకోని నేస్తాండావు. చీరలో పోగులు ఒకటికి ఒకటే కనపడతాండాయి గదా నీకు?" పెద్దనాయన అద్దాలు తీసి గూట్లో పెట్టినాడు. ఆ దినమంతా అద్దాల్లేకుండా నేసి, నాలుగు చోట్ల పోగు తెంపినాడు. పట్టుదల అంటే అదీ.

నేను వడియాల గిన్నె సాకు పెట్టుకోని భాయి ఇంటికి పోయినా. ఇల్లంతా మూటలు. భాయి కూతురు, నా జత, నేల మీద కూర్చోని అద్దాలను ఒక్కోటి పాతగుడ్డలో చుట్టి పెట్టెలో సర్దుతాంది. నన్ను చూసి తలెత్తలేదు.

"ఆదోనికి పోతాండాం. మా మామ వాళ్ళ తావ పని ఉండాదంట. శుక్రవారం జుమ్మా నమాజు అయినాక బండి వస్తాది" అనె.

అంటే రెండు దినాలు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. పెద్దనాయన మీద కోపం, ఆ చిన్నచుక్క మీద ఇంకా కోపం. నేను గంతులేసి చూసిన చుక్క నా జతను తీసుకోని పోతాండాది.

"మీ అబ్బా ఏమీ అనలేదా? తప్పు అద్దంది కాదు అని చెప్పకూడదా?"

"నమ్మనోనికి ఏం చెప్తాం అంటాడు. అన్నం కూడా సరిగా తినడంల్యా." చేతిలో అద్దాన్ని కిటికీ వెలుగుకు పట్టి చూసింది. "ఎవరన్నా అంగడికి వచ్చి అద్దంలో గీత ఉండాది అంటే మా అబ్బా గొడవపడడు. వాళ్ళ కంటి ముందరే అద్దాన్ని ఇట్లా గుండ్రంగా తిప్పుతాడు. గీత కూడా తిరిగితే తప్పు అద్దంలో ఉండాది. గీత కదలకుంటే అద్దంలో లేదు. మీ పెద్దనాయన ఒక్కసారి తిప్పి చూసింటే."

గిన్నె ఆడనే పారేసి పరిగెత్తినా. అంత పొడుగు పగలు నేను ఎప్పుడూ చూడలేదు. పొద్దు ఎంతకూ దిగదు. మాపటేళకు గాలి లేచి దుమ్ము కమ్మింది. పడమర అంతా ఎర్రమట్టి రంగు. దేవుడా ఈ ఒక్క పూట చాలు అని మొక్కుకుంటి. దీపాలు పెట్టే వేళకు గాలి పడిపోయి చుక్కలు ఒకటొకటి వచ్చినాయి.

పెద్దనాయన కింద అన్నం తింటాండాడు. గొట్టాన్ని ముట్టుకోవద్దని నాకు గట్టిగా చెప్పినాడు. నేను పిల్లి మాదిరి మెట్లెక్కినా. వసిష్ఠుణ్ణి పట్టుకునేసరికి మెడ పట్టేసింది. పట్టుకున్నా. పెద్దచుక్కకు ఎడమ పక్క, కొంచెం కిందికి, చిన్నచుక్క. ఎడమ పక్క, కింద, అని నోట్లో అనుకుంటా చెయ్యి సాచి ముందరి అద్దాన్ని నిదానంగా తిప్పినా. చుక్కలు అదిరి మళ్ళా నిలిచినాయి. చిన్నది ఎడమ పక్కనే, కిందనే. ఇంకా తిప్పినా. కదల్లేదు. కంటి తావ పోగులద్దాన్ని తిప్పినా, కదల్లేదు. అప్పుడు, ఇన్నాళ్ళూ పెద్దనాయన నన్ను చూడనియ్యని పక్కచుక్క మీదికి గొట్టాన్ని జరిపినా. ఒకటే. దాని పక్కది, ఒకటే. మళ్ళా వసిష్ఠుని కాడికి. రెండు.

"పెద్దనాయనా" అని నేను పెట్టిన కేకకు వీధిలో కుక్కలన్నీ లేచినాయి.

ఆయన సంగటి చెయ్యితోనే పైకొచ్చినాడు. "ముట్టుకోవద్దంటి గదా" అని చెయ్యెత్తినాడు. నేను ఆ చెయ్యి కింద నిలబడే అంతా చెప్పినా, గీత, తిప్పడం, ఎడమ పక్క, కింద. ఆయన చెయ్యి నిదానంగా దిగింది. కూర్చోని కన్ను ఆనించి, ఎడమచేతి రెండు వేళ్ళతో అద్దాన్ని తిప్పినాడు. పోగు పట్టే ఆ రెండు వేళ్ళే. ఒక చుట్టు పూర్తిగా తిప్పినాడు. మళ్ళా ఎనక్కు. పక్కచుక్క చూసినాడు, ఇంకోటి చూసినాడు. కుడిచేతికి సంగటి ఎండిపోయింది.

"ఎవరు చెప్పినారు నీకు ఇట్లా తిప్పమని?"

"భాయి కూతురు. వాళ్ళు శుక్రవారం ఆదోనికి పోతాండారు పెద్దనాయనా. మూటలు కట్టుకున్నారు."

ఆయన పిట్టగోడ మీద కూర్చున్నాడు. ఊరు విడిచి పోతాండారనే సంగతి ఆయనకు అప్పటిదాకా తెలీదు. పెద్దమ్మ కింద నుంచి "అన్నం చల్లారిపోతాంది" అని పిలిచింది. నేను పక్కన నిలబడుకోని ఉండా. "భాయి నవ్వొచ్చి కూడా నవ్వలేదు మ్మే ఆ పొద్దు" అన్నాడు.

మరుసటి దినమంతా ఆయన మగ్గం గుంతలోనుంచి లేవలేదు. నాకు కాళ్ళు కాలిన పిల్లి మాదిరి ఉండె. శుక్రవారం తెల్లవారుజామున, వీధిలో పడుగు సాగదీసి అందరూ చేరినాక, ఆయన ఇంట్లోనుంచి బయటికి వచ్చి నేరుగా భాయి ఇంటికి పోయి, ఆయన్ను చెయ్యి పట్టుకోని పిలుచుకోనొచ్చినాడు. భాయి బనీను మీదనే ఉండాడు, ఏమి జరుగుతాందో తెలీక.

మా వీధిలో ఒక పద్ధతి ఉండె. చీరలో తప్పు పడితే నేసినోడే దాన్ని గంజి పెట్టే కాడికి తెచ్చి, అందరి ముందర ఆ తప్పు మీద వేలు పెట్టాల. దానికి ఎవరూ తిట్టరు, నవ్వరు. వేరేవాళ్ళు చీర విప్పి పట్టుకున్నప్పుడు పెద్దనాయన చూస్తాండె గానీ, ఆయన వేలు పెట్టింది నేను పుట్టినాక ఎవరూ చూడలేదు. ఆ పొద్దు ఆయన చేతిలో చీర లేదు. పడుగు పట్టుకున్నోళ్ళంతా పట్టుకున్నట్టే నిలబడినారు. ఆయన వేలెత్తి తన నోటి మీద పెట్టుకున్నాడు.

"భాయి అద్దంలో తప్పు లేదు. తప్పు ఈడ ఉండాది" అన్నాడు. "ఆ చుక్కలే రెండు. నమ్మనోళ్ళు మాపటేళకు మిద్దెక్కి చూడండి."

గంజి నేల మీదికి బొట్లు బొట్లుగా కారేది వినపడింది. భాయి తల వంచుకోని నిలబడినాడు. నా జత వాళ్ళ గడప కాడ నిలబడి చూస్తాంది.

"నువ్వు అన్నందుకు కాదు అన్నా నాకు బాధ" అన్నాడు భాయి, మెల్లగా. "నన్ను ఒక్కసారి మిద్దె మీదికి పిలవకుండానే అంటివి."

పెద్దనాయన కండ్లల్లో నీళ్ళు చూసింది నేను అదే మొదలు.

ఆ మాపటేళ మా మిద్దె మీదికి వీధంతా ఎక్కింది. పెద్దమ్మ మెట్ల కాడ చీపురు పట్టుకోని నిలబడి, "మట్టిమిద్దె, కూలితే మీ దుర్భిణి మీ నెత్తిన పడతాది, అయిదుమంది అయిదుమంది పోండి" అని కాపలా కాసింది. ఒక్కొక్కరే చూస్తాండారు, పెద్దనాయన పక్కన నిలబడి ఒక్కొక్కరి చేతా అద్దం తిప్పిస్తాండాడు. పోగులు జంటగా కనపడినాయన్న ఆయన వచ్చి, చూసి, చెవి గోక్కుంటా దిగిపోయినాడు. కొందరికి రెండు కాదు గదా ఒక్కటే పొగమంచులో దీపం మాదిరి కనపడింది. "నీ కంటికి అద్దం కావల్ల, రేపు అంగడికి రా" అన్నాడు భాయి వాళ్ళతో. అంటే రేపు అంగడి ఉండాదన్నమాట. నా జత, నేను ఒకర్నొకరం చూసుకున్నాం. నేను ఆ పిల్లను పట్టుకోని మిద్దె అదిరేటట్టు ఎగిరితే చీపురు దెబ్బ నాకే పడింది.

అందరూ పోయినాక పెద్దమ్మ వచ్చి అరుంధతిని చూసింది. "దీనికోసరం పగలు తలూపిచ్చినారా నాతో" అనుకుంటా పక్కేసుకోని పడుకుంది.

అప్పట్నుంచి భాయి, పెద్దనాయన బెంచీ విడిచి మిద్దె పట్టినారు. ఎండాకాలం, చలికాలం, మొగులు లేని ప్రతి మాపూ. "ఈ పొద్దు దేన్ని విప్పుదాం?" అంటాడు భాయి. చుక్కను విప్పడం అంటాండ్రి. ఒకటిగా ఉన్నది రెండుగా కనపడితే సున్నంతో మెట్ల గోడ మీద రెండు బొట్లు పెడతారు, పెద్దది ఒకటి, చిన్నది ఒకటి. ఒక జతలో ఒకటి పసుపు, ఒకటి నీలం. మేం నలుగురం కేకలు పెట్టినాం ఆ పొద్దు. ఆ నీలం అద్దం అంచుల రంగేమో అనే మాట పెద్దనాయన నోటిదాకా వచ్చింది, మింగినాడు. నేను చూసినా. అద్దం గురించి ఆయన ఇంక ఎప్పుడూ, మంచికి కూడా, ఒక్క మాట అనలేదు. గోడ మీద పద్నాలుగు జతలు చేరినాయి. ఈ లోకంలో అవి మా మిద్దెకు మాత్రమే తెలుసు అనుకుంటాంటిమి.

ఎనిమిదేండ్లు పోయినాయి. నా జతకు పెండ్లయి ఆదోనికే పోయింది, నేను కాలేజీలో చేరితి. అక్కడి లైబ్రరీలో ఒక పుస్తకం చేతికొచ్చింది. అందులో జంటచుక్కల పట్టీ, పటాలు. మా వసిష్ఠుడు ఉండాడు. మా పసుపు నీలం ఉండాయి. వేలు పెట్టుకుంటా వెతికితే పద్నాలుగూ ఉండాయి. ఎప్పుడో, మేమెవరం పుట్టకముందే, ఎవరో దూరదేశపోళ్ళు అన్నీ చూసి రాసి పెట్టినారు. సెలవులకు బస్సులో వస్తా దోవంతా ఆ పుస్తకం ఒడిలో పెట్టుకోని ఇదే దిగులు. ఎట్లా చెప్పేది? ఆ ఇద్దరు ముసలోళ్ళకు ఉండేదే ఆ గోడ.

చెప్పకుండా ఉండలేకపోతి. పెద్దనాయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకోని నేస్తాండాడు. పక్కన కూర్చోని పుస్తకం తెరిచి, తల వంచుకోని చెప్పినా. నాడె ఆగింది.

"వాళ్ళకూ రెండే కనపడినాయా?"

"రెండే పెద్దనాయనా."

"పద్నాలుగింటికీనా?"

"అన్నిటికీ."

"వాళ్ళ అద్దాలు వేరే గదా? భాయివి కావు గదా?"

"వేరే."

ఆయన గుంతలోనుంచి లేచినాడు. అరవై దాటిన మనిషి, చెయ్యి పట్టుకోకుండా లేచినాడు. పుస్తకం నా చేతిలోనుంచి తీసుకోని, పోగు సగంలో విడిచిపెట్టి, చెప్పులు కూడా ఏసుకోకుండా మిట్టమధ్యాన్నం ఎండలో బస్టాండు దోవ పట్టినాడు. నేను ఎనక పరిగెత్తినా. అంగట్లో భాయి ఒక అవ్వకు అద్దం పెట్టి, గోడ మీద అక్షరాలు చదివిస్తాండాడు. పెద్దనాయన గడప కాడనే నిలబడి, ఊపిరి కూడా తీసుకోకుండా పుస్తకం ఎత్తి చూపించినాడు.

"భాయ్, పుస్తకంలో ఉండాదంట. దూరదేశంలో, వేరే అద్దాల్లో కూడా అవి రెండేనంట."

భాయి ఆయన కాళ్ళు చూసినాడు, మొగం చూసినాడు. "ఇంకా దాన్నే మోస్తాండావా అన్నా?"

"దించుకుందామనే వచ్చినా" అన్నాడు పెద్దనాయన.

భాయి స్టూలు లాగి ఆయన్ను కూర్చోబెట్టి, కాళ్ళ మీద చెంబుతో నీళ్ళు పోసినాడు. అవ్వ ఒక కంటికి అద్దం పెట్టుకోని, ఇంకో కన్ను మూసుకోని, తన సంగతి ఎవరూ చూడరేమని గొణుగుతాంది. నేను గడప కాడ నిలబడుకున్నా. బస్సులో దోవంతా చెడ్డకబురు మోసుకొస్తాండా అని ఏడ్చుకుంటి. ఎనిమిదేండ్లుగా ఆ మనిషి ఎదురుచూస్తాండిన కబురు అదేనని నాకేం తెలుసు.